గో సామెతల లోపలి లెక్క

"రెండు రాళ్ల తల కనబడితే చూడకుండా వంగు." గో ఆట నేర్చుకునేవాళ్లకు తొలిరోజుల్లోనే చెప్పే జపాన్ సామెత ఇది. విన్నవాళ్లు వెంటనే పాటిస్తారు, రెండు మూడు ఆటలు గెలుస్తారు కూడా. తర్వాత ఒకరోజు అలాగే వంగితే ప్రత్యర్థి మధ్యలో కోసేస్తాడు. చూస్తుండగానే సగం ఆట పోతుంది. అప్పటినుంచి కొందరు సామెతలన్నీ వట్టి మాటలని పక్కన పెడతారు. ఇంకొందరు పట్టుకున్న కుందేటికి మూడే కాళ్లన్నట్టు అదే ఎత్తు వేస్తూ ఓడుతుంటారు. ఇద్దరూ ఒకచోటే పొరబడ్డారు. గోలో సామెత అంటే ఎన్నో తరాల ఆటగాళ్లు చేసిన లెక్కలో చివరికి మిగిలిన జవాబు. జవాబు ఒక్కటే తెలిస్తే చాలదు. లెక్క కూడా తెలిస్తే ఆ జవాబు ఏ చోట చెల్లుతుందో, ఏ చోట చెల్లదో కనబడుతుంది.

లెక్కలోకి దిగే ముందు ఆట గురించి రెండు మాటలు. పలక మీద 19 అడ్డగీతలు, 19 నిలువు గీతలు ఉంటాయి. అవి కలిసే 361 బిందువుల మీద నల్ల రాళ్లు, తెల్ల రాళ్లు వంతులవారీగా పెడతారు. నల్లది మొదలు. పెట్టిన రాయి కదలదు. పులిజూదం ఆడినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు: మేకల్ని ఒక్కొక్కటిగా గీతలు కలిసే చోట దించి పులికి కదిలే దారి లేకుండా చేస్తామే, అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ రెండు పక్షాలూ మేకలే. రాయిని ఆనుకుని గీతల వెంట ఉన్న ఖాళీ బిందువులను చైనా భాషలో "చీ" అంటారు. ఆ మాటకు ఊపిరి అనే అర్థం ఉంది, మనం కూడా ఊపిరే అందాం. నడి పలక మీద ఒంటరి రాయికి 4 ఊపిర్లు. చివరి ఊపిరి మూసుకుంటే రాయి పలక దిగుతుంది. ఒకే ఊపిరి మిగిలిన స్థితి "ఆటారి". రాళ్ల గుంపు లోపల ప్రత్యర్థి పూడ్చలేని ఖాళీ "కన్ను". విడివిడిగా రెండు కళ్లున్న గుంపు ఇక చావదు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్లది గెలుపు. నల్లది ముందు ఆడుతుంది కాబట్టి తెల్లదానికి పరిహారంగా "కోమి" ఇస్తారు. జపాన్, కొరియాల్లో అది 6.5 బిందువులు, చైనాలో 7.5.

వేళ్ల మీద లెక్కపెట్టగలిగే సామెతలు

చైనా సామెత ఒకటి: బంగారు మూల, వెండి అంచు, గడ్డి పొట్ట. పలక మూల బంగారమని, అంచు వెండి అని, నడుమ భాగం గడ్డితో సమానమని దీని అర్థం. ఎవరైనా పలక ముందు కూర్చుని అరనిమిషంలో నిరూపించుకోవచ్చు. 9 బిందువుల చోటు చుట్టాలనుకోండి, 3 వరసలు, వరసకు 3. మూలలో రెండు వైపులా పలక అంచే గోడ, కాబట్టి 6 రాళ్లు చాలు. అంచు మధ్యలో మూడు వైపులా మనమే కట్టుకోవాలి, 9 రాళ్లు. నడుమ నాలుగు వైపులా కట్టాలి, 12 రాళ్లు. అదే తొమ్మిది బిందువులకు రెట్టింపు ఖర్చు. అందుకే ఆటలు మూలల్లో మొదలై, అంచుల మీదుగా నడిచి, ఆఖరున నడుమకు వస్తాయి.

ఏ గీత మీద రాయి పెట్టాలన్న ప్రశ్నకూ ఇలాంటి లెక్కే జవాబు. అంచునుంచి మూడో గీత భూమి గీత, నాలుగోది పలుకుబడి గీత, రెండోది ఓటమి గీత అంటారు. పలక చుట్టూ మూడో గీత నిండా రాళ్లు పరిచామనుకుంటే 56 రాళ్లు పడతాయి. బయట అంచు వైపు 136 బిందువులు, లోపల నడుమ వైపు 169 మిగులుతాయి. అదే నాలుగో గీత మీదైతే 48 రాళ్లు, అంచు వైపు 192, లోపల 121. మూడో గీతలో నడుమ వాడిది కొంచెం పైచేయి, నాలుగో గీతలో అంచు వాడిది బాగా పైచేయి. రాయి ఈ రెండు గీతల మధ్యే ఎందుకు ఊగుతుందో ఈ అంకెలు చెబుతాయి. ఇప్పుడు రెండో గీత చూడండి: 64 రాళ్లు పరిస్తే అంచు వైపు దక్కేది 72 బిందువులు, ప్రత్యర్థికి వదిలేది 225. రాయికి దాదాపు ఒక్క బిందువు. ప్రత్యర్థి మన నెత్తిమీద మూడో గీతలో గోడ కట్టుకుంటూ పోతుంటే మనం కింద పాకుతూ ఉంటాం. ప్రాణం నిలుపుకోవడానికి తప్ప ఆ గీత మీద పాకకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రాణం కోసమే పాకాల్సి వస్తే ఎంత దూరం? దానికీ సామెత ఉంది: రెండో గీత మీద ఆరు చస్తాయి, ఎనిమిది బతుకుతాయి. మన రాళ్లు రెండో గీత మీద బారుగా ఉన్నాయి, పైనా రెండు కొసల్లోనూ ప్రత్యర్థి మూసేశాడు. కళ్లు చేసుకోవడానికి మిగిలింది కింద మొదటి గీత ఒక్కటే. ప్రత్యర్థి కొసలో మొదటి గీత మీదకి దూరుతాడు, మనం ఎదురుగా అడ్డం పెడతాం. అలా ఒక్కో కొసలో రెండేసి బిందువులు ఖర్చు, రెండు కొసల్లో కలిపి నాలుగు. ఎనిమిది రాళ్ల బారు కింద నాలుగు బిందువులు మిగులుతాయి. వరసగా ఉన్న నాలుగు బిందువుల్లో ప్రత్యర్థి ఎక్కడ పెట్టినా మనం పక్కన పెట్టి రెండు కళ్లు చేసుకోవచ్చు, కాబట్టి బతుకు. ఆరు రాళ్లకు రెండే మిగులుతాయి, ఒకే కన్ను, చావు. ఏడు రాళ్లకు మూడు మిగులుతాయి. ఆ మూడింట్లో నడిమి బిందువు ఎవరికి దక్కితే వాళ్ల మాట చెల్లుతుంది, అంటే వంతు ఎవరిదన్న దాని మీద ఉంటుంది. అందుకే సామెతలో ఏడు ఊసే లేదు. మూలలో అయితే నాలుగు చస్తాయి, ఆరు బతుకుతాయి. అక్కడ ఒక కొసను పలకే మూసేసింది, ఒక్క కొసలోనే రెండు బిందువుల ఖర్చు. ఈ సామెతను వట్టిగా బట్టీపట్టినవాళ్లు మూలలో ఎనిమిది దాకా పాకుతారు. ఆరు దగ్గర ఆగి ఉంటే మిగిలిన రెండు ఎత్తులు పలకలో ఇంకెక్కడో వేసుకునేవాళ్లు. సాటి ఆటగాళ్ల మధ్య రెండు ఎత్తులంటే ఆట తీర్పే మారిపోతుంది.

లెక్కల్లోకెల్లా అందమైనది మరొకటుంది, చైనాలో పిల్లలు ఎక్కం చదివినట్టు చదువుతారు: మూడుకి మూడు, నాలుగుకి ఐదు, ఐదుకి ఎనిమిది, ఆరుకి పన్నెండు. రెండు గుంపులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఎవరు ముందు ఊపిరి మూస్తారా అని పరుగు పందెంలో ఉన్నప్పుడు ఇది అక్కరకొస్తుంది. ఒక గుంపుకు పెద్ద కన్ను ఒక్కటే ఉంది, దాన్ని రెండుగా చీల్చుకోకుండా ప్రత్యర్థి ఇప్పటికే కీలక బిందువులో రాయి దించాడు. ఆ కన్ను లోపల ఎన్ని ఊపిర్లున్నట్టు? నాలుగు బిందువుల కన్నుకు నాలుగు ఊపిర్లే అనుకుంటే పొరపాటు. ప్రత్యర్థి లోపల 3 రాళ్లు పెట్టగానే మనకు ఆటారి. మనం ఒక ఎత్తు ఖర్చుపెట్టి ఆ మూడూ తీసేస్తాం. ఇప్పుడు కన్నులో మళ్లీ 3 బిందువుల ఖాళీ. అంటే అతను పెట్టిన 3 లోంచి మన ఎత్తు 1 తీసేసి, మూడు బిందువుల కన్ను విలువ 3 కలిపితే 5. అదే పద్ధతిలో ఐదు బిందువుల కన్నుకు 4 లోంచి 1 పోగా 3, దానికి 5 కలిపితే 8. ఆరుకి 5 లోంచి 1 పోగా 4, దానికి 8 కలిపితే 12. బట్టీపట్టక్కర్లేదు, మర్చిపోయినా పలక ముందే మళ్లీ కట్టుకోవచ్చు.

వాడేటప్పుడు జారిపోయే చోటు ఒకటుంది. ప్రత్యర్థి రాళ్లు లోపల ఇప్పటికే ఎన్ని ఉంటే అన్ని తీసేయాలి. ఐదు బిందువుల కన్నులో 2 తెల్ల రాళ్లుంటే మిగిలింది 8 కాదు, 6. బయట తెల్ల గుంపుకు కూడా 6 ఊపిర్లే ఉంటే వంతు ఎవరిదో వాళ్లు గెలుస్తారు. తెల్లదానికి 7 ఉంటే వంతు మనదైనా లాభం లేదు, ఆ గుంపును వదిలేసి వేరే చోట ఆడుకోవడం మేలు. ఇదంతా రెండు గుంపులకూ ఉమ్మడి ఊపిర్లు లేనప్పటి మాట. ఉమ్మడివి ఉంటే "కన్నున్నది కన్ను లేనిదాన్ని చంపుతుంది" అనే ఇంకో సామెత వర్తిస్తుంది: ఆ ఉమ్మడి ఊపిర్లను కన్ను లేనివాడే మూసుకుంటూ రావాలి, కాబట్టి అవి కన్నున్నవాడి ఖాతాలో పడతాయి.

ఆకారాల సామెతలు: ముందు చూడాల్సిన చోటు

పై సామెతలు చెప్పిన స్థితి ఉంటే తప్పవు. ఆకారాల గురించిన సామెతలు అలా కాదు. చాలాసార్లు ఒప్పు, కొన్నిసార్లు ఘోరంగా తప్పు. మొదట చెప్పుకున్న రెండు రాళ్ల తలనే విప్పి చూద్దాం.

రెండు నల్ల రాళ్లు, రెండు తెల్ల రాళ్లు భుజం భుజం ఆనించి పక్కపక్క గీతల మీద సమానంగా నిలబడ్డాయి. వంతు నల్లది. ముందున్న నల్ల రాయికి ఏటవాలుగా, ముందున్న తెల్ల రాయికి సరిగ్గా ఎదురుగా పెట్టే ఎత్తును "హానే" అంటారు, వంగడమన్నమాట. ఖాళీ పలక మీద జంటగా ఉన్న రెండు రాళ్లకు 6 ఊపిర్లు. నల్లవి ఆనుకోవడంతో తెల్ల జంటకు 4 అయ్యాయి. హానేతో 3 అవుతాయి, దారి కూడా మూసుకుపోతుంది. మనం వంగకపోతే తెల్లది మన తల మీదకి వంగుతుంది, అదే దెబ్బ మనకు తగులుతుంది. ఒకే బిందువు ఇద్దరికీ అంత ముఖ్యం కావడం వల్లే సామెత "చూడకుండా" అనేసింది.

కానీ చూడాలి. ఏటవాలుగా పెట్టిన రాయికీ మన పాత రాయికీ మధ్య కోత ఉంది: ముందున్న మన రాయికి ఎదురుగా ఉన్న బిందువు. తెల్లది అక్కడ పెడితే మన రెండు రాళ్లూ విడిపోతాయి. కోసిన ఆ తెల్ల రాయికి మొదట ఉండేవి 2 ఊపిర్లే, మనం ఆటారి ఇచ్చి తరమొచ్చు. తరిమితే దొరుకుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దొరికితే సామెత నిజం. దొరక్కపోతే, పైగా చుట్టుపక్కల తెల్ల రాళ్లే బలంగా ఉంటే, వంగకుండా ముందుకు ఒక అడుగు సాగడమే సరైన ఎత్తు.

ఆ తరమడమే చాలాసార్లు "లాడర్" అవుతుంది, మెట్ల మీదుగా దిగుతున్నట్టు ఉండే వేట. పారిపోయే రాయి ఒక అడుగు వేస్తే 2 ఊపిర్లు వస్తాయి, వేటగాడు ఒకటి మూస్తాడు, మళ్లీ ఆటారి. ఇలా ఏటవాలుగా పలక అవతలి కొసదాకా పోయి, అంచు తగలగానే గుంపంతా చస్తుంది. "లాడర్ తెలియకుండా గో ఆడకు" అన్న జపాన్ సామెతలో అతిశయోక్తి లేదు. దారిలో పారిపోయేవాడి రాయి ఒక్కటి ఉన్నా అది తగిలిన క్షణాన వేట విఫలం. అప్పటిదాకా వేసిన ప్రతి మెట్టు దగ్గరా వేటగాడి రాళ్లు ఒంటరిగా మిగులుతాయి, ఎక్కడ తాకినా రెండేసి ఆటారీలు. ఒక లాడర్ తప్పు చదివితే సాధారణంగా ఆట అక్కడితో అయిపోతుంది. కాబట్టి మొదటి ఆటారి ఇవ్వకముందే వేలితో గాలిలో మెట్లు గీసి, ఆ పట్టీలోనూ దానికి ఆనుకునీ ఏ రంగు రాళ్లున్నాయో చివరిదాకా చూసుకోవాలి. మనుషులు మొదటివారంలో నేర్చుకునే ఈ విషయం ఆల్ఫాగో జీరో అనే యంత్రానికి, మనుషుల ఆటలేవీ చూడకుండా తనతో తానే ఆడి నేర్చుకున్నప్పుడు, చాలా ఆలస్యంగా పట్టుబడింది. 2017లో దాన్ని తయారుచేసినవాళ్లే తమ పరిశోధనా పత్రంలో ఆశ్చర్యపోతూ రాశారు.

"ఖాళీ త్రికోణం చెడ్డ ఆకారం" అన్నది అంతే పేరున్న సామెత. మూడు రాళ్లు మూలమట్టంలా మడత పడి, నాలుగో బిందువు ఖాళీగా ఉండటమే ఖాళీ త్రికోణం. బారుగా ఉన్న మూడు రాళ్లకు 8 ఊపిర్లు, ఇలా మడతపడితే 7. తేడా ఒక్క ఊపిరే కానీ, అదే మూడు రాళ్లతో సాధించిన దూరం కూడా తగ్గింది. ఆ నాలుగో బిందువులో ప్రత్యర్థి రాయి ఉంటే అది ఖాళీ త్రికోణం కాదు, అడ్డుకోవడానికి వేసిన మడత, అందులో తప్పేమీ లేదు. కొత్తవాళ్లు ఈ తేడా చూడక మంచి ఎత్తును కూడా మానుకుంటారు. నిజమైన ఖాళీ త్రికోణమే ఒక్కోసారి ప్రత్యర్థి కన్నును పొడిచి గుంపును చంపుతుంది, లేదా మన ఆఖరి కన్ను నిలబెడుతుంది. అలాంటి మేలైన త్రికోణానికి జపాన్‌లో "గుజుమి" అని ప్రత్యేకంగా పేరే ఉంది. దానికొక పేరు పెట్టారంటే, సామెతకు బయట కూడా ఆట ఉందని వాళ్లకు బాగా తెలుసన్నమాట.

"పొన్నుకి విలువ 30." నాలుగు రాళ్లు ఒక ప్రత్యర్థి రాయిని చుట్టి తీసేశాక మిగిలే వజ్రం ఆకారమే పొన్నుకి. ఇందులోని 30 భూమి లెక్క కాదు. నడుమ ఖాళీలో నిలబడ్డ ఆ వజ్రానికి కోత లేదు, కళ్లు చేసుకోవడం తేలిక, నాలుగు దిక్కులకూ దాని బలం పారుతుంది. ఆ బలం ఆట చివరికి ఎంత భూమిగా మారొచ్చో సుమారుగా చెప్పిన అంకె అది. అంచు మీద, లేదా ప్రత్యర్థి గట్టి గోడ పక్కన చేసిన పొన్నుకి అందులో చిన్న భాగం కూడా చేయదు. అలాగే మనం ఆ రాయిని తీస్తున్నంతసేపూ ప్రత్యర్థి వేరే చోట ఏం కట్టుకున్నాడో లెక్కపెట్టకుండా 30 వచ్చిందని సంతోషపడకూడదు.

అంచు మీద చోటు విస్తరించడానికి చైనాలో "రెండు నిలిస్తే మూడు దూకు" అంటారు. మూడో గీత మీద ఒంటరి రాయి ఉంటే మధ్యలో 2 బిందువులు వదిలి ఇంకో రాయి పెట్టాలి. నిలువుగా రెండు రాళ్ల గోడ ఉంటే 3 వదలొచ్చు, మూడు రాళ్ల గోడ ఉంటే 4. మధ్యలోకి ప్రత్యర్థి దూకితే పట్టుకోవడానికో, కనీసం రెండు రాళ్లనూ కలుపుకోవడానికో సరిపడే కొలత ఇది. ఎత్తయిన గోడ దూకినవాణ్ని కిందికి అణిచి ఉంచుతుంది, కాబట్టి ఎక్కువ దూరం ఓర్చుకుంటుంది. అంతకంటే దూరం పోతే మధ్యలో చీలిక. రెండు రాళ్ల గోడ నుంచి రెండే వదిలితే రాళ్లు కుప్పబడి ఎత్తు వృథా. ఆ పక్కనే ప్రత్యర్థి బలమైన గుంపు ఉంటే మాత్రం సామెత చెప్పిన దానికంటే ఒక అడుగు తగ్గించుకోవడం మంచిది.

మొత్తం పలక గురించినవి

ఇక్కడ లెక్క సన్నగిల్లి, వివేచన ఎక్కువవుతుంది. "పెద్ద చోటు కంటే అత్యవసర చోటు ముందు" అన్నది వీటన్నిటిలో విలువైనది అని మా అభిప్రాయం. పెద్ద చోటంటే ఖాళీగా, విశాలంగా, కంటికి ఆశ పుట్టించే అంచు. అత్యవసరమంటే ఎవరో ఒకరి గుంపు కాలి కింద నేల. ఎత్తు వేయబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ప్రత్యర్థి ఇప్పుడు ఆడితే కళ్లకు చోటు పోగొట్టుకునే గుంపు నాకు ఏదైనా ఉందా? నేను ఆడితే అలాంటి గతి పట్టే గుంపు అతనికి ఉందా? రెంటికీ లేదన్న జవాబు వచ్చాకే పెద్ద చోటు వైపు చూడాలి. నేల పోయిన గుంపు పరుగెత్తడం మొదలుపెడితే, ప్రత్యర్థి దాన్ని తరుముతూ ఉచితంగా రెండు వైపులా గోడలు కట్టుకుంటాడు. ఆ నష్టం ముందు 15, 20 బిందువుల అంచు చిన్నది.

గోడ అనే మాట వచ్చింది కాబట్టి: "గట్టి గోడ దగ్గరికి పోకు." ప్రత్యర్థి గోడ దగ్గరికి పోతే మన రాళ్లు బలహీనపడతాయని అందరూ గ్రహిస్తారు. మన గోడ దగ్గరికి మనమే పోవడం కూడా తప్పేనని మాత్రం చాలామందికి ఏళ్లు పట్టినా ఎక్కదు. ముందే బలంగా ఉన్నచోట ఇంకో రాయి పెడితే పెరిగే బలం ఏమీ ఉండదు. గోడ ముందు గడులు చుట్టుకుని పది బిందువులు సంపాదించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. గోడకు దూరంగా ఉన్న ప్రత్యర్థి గుంపును దాని వైపు తరమాలి. అప్పుడే గోడ కట్టడానికి పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది.

జపాన్ ఆటగాళ్లు తరచూ వాడే "అజి" అనే మాటకు రుచి అని అర్థం. చుట్టుముట్టి చచ్చినట్టే అనుకున్న రాళ్లలో కూడా మిగిలి ఉండే అవకాశాన్ని అలా పిలుస్తారు. చింత చచ్చినా పులుపు చావలేదన్న మన సామెత ఇంత అచ్చంగా సరిపోయే చోటు ఇంకోటి ఉండదేమో. ఆ పులుపును కాపాడుకోవడానికే "వరసగా ఆటారీలు ఇవ్వడం కొత్త ఆటగాడి గుర్తు" అని హెచ్చరిస్తారు. ఆటారి ఇస్తే ప్రత్యర్థి కలుపుకుంటాడు, అతని కోత మాయమవుతుంది, మన చచ్చిన రాళ్లలో మిగిలిన రుచీ పోతుంది. దాంతో వెంటనే ఏదైనా దక్కితే తప్ప ఆటారి ఇవ్వకుండా ఆపుకోవాలి.

చైనాలో తాంగ్ కాలపు ఆటగాడు వాంగ్ జిషిన్ పేరు మీద పది సూత్రాలు చెలామణిలో ఉన్నాయి, ఒక్కోటి నాలుగే అక్షరాలు. మొదటిది గెలుపు మీద అత్యాశ వద్దంటుంది. ఇంకోటి ఎదుటివాడి మీద పడేటప్పుడు నీ ఇల్లు చూసుకో అంటుంది, ఇంట గెలిచి రచ్చ గెలవమని మనమనే మాట. గమనించాల్సింది ఏమిటంటే పదింట్లో మూడు వదులుకోవడం గురించే: రాళ్లు వదిలి చొరవ పట్టు, చిన్నది విడిచి పెద్దది అందుకో, ఆపదలో ఉన్నదాన్ని వదిలెయ్. ఆటలో ఎక్కువమంది ఓడేది ఇక్కడే. ఆటారిలో పడ్డ రెండు రాళ్లను కాపాడబోయి పది రాళ్ల గుంపును బరువెక్కించుకుంటారు. వదలాలా వద్దా అన్నదానికి ఆచరణలో ఒక కొలత ఉంది. ఆ రాళ్లు పోతే ప్రత్యర్థి రెండు గుంపులు కలిసిపోతాయా అని చూడండి. కలిసిపోతే అవి కోత రాళ్లు, ప్రాణం పెట్టి కాపాడాలి. కలవకపోతే ఎన్ని ఉన్నా వదలొచ్చు.

ఎదురెదురు సామెతలు, కాలం మార్చినవి

"నాలుగు మూలలూ పోతే ఆట మానెయ్" అని ఒక సామెత. "నాలుగు మూలలూ తీసుకుంటే ఆట మానెయ్" అని ఇంకోటి. రెండూ జపాన్‌లోనివే. మొదటిది బంగారు మూల లెక్కకు కట్టుబడి ఉంది. రెండోది ఆ నాలుగు మూలలకు చెల్లించిన ధర గుర్తుచేస్తుంది: మూలలన్నీ ఒకరే మింగితే బయట గోడలన్నీ రెండోవాడివి, నడుమంతా అతనిది కావచ్చు. ఎప్పుడు ఏది? మూలలు తీసుకునేటప్పుడు మనం ఎన్నిసార్లు రెండో గీత మీద పాకామో చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

కొన్నింటిని కాలమే మార్చింది. మూలలో రెండు అంచుల నుంచీ మూడో గీతలు కలిసే 3-3 బిందువులో మొదటి రాయి పెట్టడం జపాన్‌లో గో విద్యకు పేరుపడ్డ హోనిన్‌బో వంశంలో నిషిద్ధంగా ఉండేది. 1933లో యువకుడైన గో సీగెన్ అదే వంశాధిపతి హోనిన్‌బో షూసాయితో ఆడుతూ మొదటి రాయి 3-3లో, తర్వాతవి 4-4లో, పలక నట్టనడుమ పెట్టి జపాన్ అంతటినీ కదిలించాడు. ఆట 1934 జనవరిదాకా సాగి, షూసాయి 2 బిందువులతో గెలిచాడు. ఓడినా ఆ మూడు ఎత్తులు తెరిచిన తలుపు మళ్లీ మూసుకోలేదు.

అలాగే 4-4 మీద ప్రత్యర్థి రాయి ఉంటే ఆట మొదట్లోనే దాని కింద 3-3లో దూరకూడదని దశాబ్దాలపాటు బోధించారు, మూలలో కాసింత భూమికి బయట పెద్ద గోడ ఇచ్చినట్టవుతుందని. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో 4-1తో కొరియా ఆటగాడు లీ సెడోల్‌ను గెలిచింది. ఆ తర్వాత వచ్చిన యంత్రాలు ఈ ఎత్తును తొలి పది ఇరవై ఎత్తుల్లోనే వేయడం మొదలుపెట్టాయి. పాత లెక్క ఎక్కడ తప్పిందో వాటి ఆట చూస్తే తెలుస్తుంది. మునుపు 3-3లో దూరినవాళ్లు మూల బతికించుకున్నాక రెండో గీత మీద హానే వేసి కలుపుకునేవాళ్లు, దాంతో బయటి గోడలో లోపాలు సరిచేసుకునే అవకాశం ప్రత్యర్థికి దొరికేది. యంత్రాలు ఆ రెండు ఎత్తులు వేయకుండా, చొరవ పట్టుకుని వేరే చోటికి పోతాయి. గోడలో కోతలు అలాగే ఉండిపోతాయి. గోడ అంటే భయపడాలన్న మాట అబద్ధం కాలేదు, అది అనుకున్నంత గట్టి గోడ కాదని తేలింది. లీ సెడోల్‌తో రెండో ఆటలో ఆల్ఫాగో 37వ ఎత్తుగా ఐదో గీత మీద పెట్టిన రాయి కూడా అంతే: మూడు, నాలుగు గీతల లెక్కను అది రద్దు చేయలేదు, చుట్టూ ఉన్న రాళ్లతో కలిపి చూస్తే ఐదో గీతకూ చోటుందని చూపింది.

దీనికి ఎదురు దిశలో నడిచిన కథ జపాన్ ఆటగాడు షూసాకుది. 1829లో పుట్టి 1862లో మరణించిన ఆయన ఇష్టపడిన ఏటవాలు ఎత్తును షూసాకు కోసుమి అంటారు. పలక మారనంతకాలం అది చెడ్డ ఎత్తు కాదని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. 1939లో మొదలైన హోనిన్‌బో పోటీల్లో కోమి పెట్టారు. కోమి అలవాటయ్యాక నల్లది వేగంగా ఆడక తప్పలేదు, ఆ ఎత్తు నెమ్మది అని పక్కనపెట్టారు. యంత్రాలు వచ్చాక అది మళ్లీ పెద్ద ఆటల్లో కనబడుతోంది.

నియమాలనుబట్టి మారేదీ ఒకటుంది: "మూలలో వంగిన నాలుగు చచ్చినట్టే." జపాన్ నియమాల్లో ఆట ముగిశాక మూలలో మడతపడ్డ నాలుగు బిందువుల కన్ను ఒక్కటే ఉన్న గుంపును ఆడి చూపకుండానే చచ్చినదిగా తీసేస్తారు. చైనా నియమాల్లో ఆడి చంపాలి, అది కో పోరాటంగా, అంటే ఒకే చోట ఒకరి రాయిని ఒకరు మళ్లీ మళ్లీ తీసుకునే పోటీగా మారుతుంది. కాబట్టి చంపేవాడు ముందు పలక మీద ప్రత్యర్థికి మిగిలిన కో బెదిరింపులన్నీ (వేరే చోట వేసే, జవాబివ్వక తప్పని ఎత్తులు) ఒక్కొక్కటే తుడిచేసుకుని, అప్పుడు లోపలికి దిగాలి. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఏ నియమాలు ఎంచుకున్నారో చూసుకోకపోతే గెలిచిన ఆట చేజారుతుంది.

వాడుకోవడం ఎలా

అన్ని సామెతలూ ఒకేసారి తలకెక్కించుకుంటే ప్రతి ఎత్తుకూ ఏదో ఒక సామెత సమర్థనగా దొరుకుతుంది, అది ప్రమాదం. నెలకు ఒకటో రెండో చాలు. మొదటి నెలలో 9×9 పలక మీద ఊపిర్లు, లాడర్, ఆరు ఎనిమిది లెక్క, పెద్ద కన్ను ఎక్కం నేర్చుకోండి. చిన్న పలకలో గోడలు, పొన్నుకి, అంచు విస్తరణ గురించిన సామెతలకు పని తక్కువ, ఎక్కడ చూసినా మూలకు దగ్గరే. వాటిని 13×13కి, తర్వాత 19×19కి వాయిదా వేయండి. ఆటలో సామెత గుర్తొస్తే దాన్ని ఎత్తుగా కాక, ముందు చదవాల్సిన బిందువుగా తీసుకుని అక్కడినుంచి కనీసం మూడు ఎత్తులు ముందుకు చూడండి: నేను వేస్తాను, అతను కోస్తాడు, నేను ఆటారి ఇస్తాను, తర్వాత?

ఆట ముగిశాక దాన్ని కటాగో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో పెట్టి, సామెత పాటించి వేసిన ఎత్తులు మాత్రమే తిరగేయండి. అది ప్రతి ఎత్తుకూ ఎన్ని బిందువులు పోయాయో అంకెల్లో చూపుతుంది. ఒకటి రెండు బిందువుల తేడా పట్టించుకోనవసరం లేదు. ఐదుకు మించి పోయిన చోట ఆగి, కోత చూడలేదా, లాడర్ దారిలో రాయి చూడలేదా, పక్కనున్న ప్రత్యర్థి బలం చూడలేదా అని వెతికి, ఆ సామెత పక్కన ఒక్క వాక్యం రాసుకోండి: "రెండు రాళ్ల తల — కోసిన రాయి లాడర్‌లో దొరికితేనే" అన్నట్టు.